ముందే చెప్పేసే ఫణికృష్ణ

ఫణికృష్ణకు ఒక జబ్బుంది. ఎవరి గురించైనా, దేని గురించైనా మంచిగా ఒక ముక్క చెప్పాల్సి వస్తే, వాళ్ళ దగ్గర తానేం తిన్నాడో, ఏం తీసుకున్నాడో ముందు చెప్పేస్తాడు. ఆ తర్వాతే అసలు మాట. ఆ మాట వచ్చేసరికి వినేవాళ్ళకు దాని మీద ఆశ చచ్చిపోయి ఉంటుంది.

ఆయన నడిపేది వీడియోగేముల చానెల్. మార్కాపురంలో వాళ్ళ నాయన పలకల గోడౌన్ పైన ఒక గది ఉంది. అందులో కూర్చుని, కొత్తగా వచ్చిన గేములన్నీ ఆడి, ఏది బాగుందో ఏది బాగాలేదో తెలుగులో చెప్తాడు. పదికి ఇన్ని అని మార్కులేస్తాడు. చూసేవాళ్ళు లక్షకు పైమాటే. ఆ చానెల్‌కు ప్రకటనలు తెచ్చే పని నాది. వానలో ఉప్పు అమ్ముకునే ఉద్యోగమని చేరిన వారానికే అర్థమైంది.

మా భ్రమరాంబ పిన్ని తన కూతురికి ఒక సంబంధం చూసి, ఆ అబ్బాయి ఫణికృష్ణకు తెలిసినవాడని ఆరా తీయడానికి వచ్చింది.

"అబ్బాయి ఎట్లాంటోడు ఫణీ?"

"ముందే చెప్తున్నా పిన్నీ. వాళ్ళ నాయన మొన్న మాకు మామిడిపండ్లు పంపినాడు. నేను నాలుగు తిన్నా."

"తిన్నావులే. అబ్బాయి ఎట్లాంటోడు?"

"చానా మంచోడు. కానీ నువ్వు ఆ నాలుగు పండ్లు తీసేసి వినాల."

నాలుగు మామిడిపండ్లు తీసేస్తే ఆ మంచితనంలో ఎంత మిగులుతుందో తేలక పిన్ని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పెళ్ళి జరిగింది. అబ్బాయి బంగారం. అయినా అల్లుడు ఎప్పుడైనా గట్టిగా మాట్లాడితే పిన్ని నా వైపు తిరిగి, "ఇది ఆ పండ్ల తాలూకేమోనే" అంటుంది.

టిఫిన్‌కు ఆయనతో పోవడం ఇంకో తంటా. బస్టాండు దగ్గర కృష్ణవేణమ్మ హోటల్లో ఆమె ఒకరోజు అడగకుండానే ఇంకో గరిటె చట్నీ వేసింది. ఫణికృష్ణ దోసె ముక్కను నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు.

"ఎంత పని చేస్తివి అత్తా. ఇంక నీ దోసె బాగుందని నేను ఎవరికీ చెప్పలేను."

"చెప్పబాకులే. తిను."

కన్నతండ్రికి కూడా మినహాయింపు లేదు. నరసింహారావుగారు ఒకరోజు గదిలోకి వచ్చి మొహమాటంగా అడిగారు.

"ఒరేయ్, నీ మాట లక్షమంది వింటారంట గదా. మన పలకల గురించి కూడా ఒక మాట అనరాదా?"

అన్నాడు. "ముందే చెప్తున్నా. ఈ పలకల దుకాణం మా నాయనది. నేను తినే అన్నం, కూర్చున్న గది, తిరిగే ఫ్యాను అన్నీ ఆయనవే. పలక మంచిది. రాయి నున్నగా ఉంటాది. చెక్క ఫ్రేమే మూలల్లో ఊడిపోతాది."

నరసింహారావుగారు ఎనిమిది రోజులు కొడుకుతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ఫ్రేములు బిగించే మనిషిని పిలిపించి మేకులు మార్పించారు. కొడుకుతో మాత్రం ఇంకో వారం మాట్లాడలేదు.

ఈ జబ్బు ఎట్లా పట్టిందని ఒకసారి అడిగాను. పదో తరగతిలో ఉండగా ఒక పత్రికలో ఒక గేమును ఆకాశానికెత్తేస్తూ రాశారట. ఇంట్లో ఏడ్చి మొత్తుకుని ఆ సీడీ తెప్పించుకున్నాడు. తీరా ఆడితే అందులో హీరో గోడలో ఇరుక్కుని బయటికి రాడు. ఉక్రోషంతో పత్రికను విసిరి కొట్టాడు. అది బోర్లా పడింది. వెనక అట్ట నిండా అదే గేము ప్రకటన.

"ముందు పేజీలో మాట, వెనక అట్ట మీద ప్రకటన. మధ్యలో నేను," అన్నాడు.

అర్థమైంది. కానీ నా ఉద్యోగం వెనక అట్ట మీద ఆధారపడింది గదా.

నాలుగు నెలలు తిరిగి హైదరాబాదు కంపెనీ ఒకదాన్ని పట్టుకున్నాను. ఎడ్లబండ్ల పందేల గేము. ఏడాది పాటు ప్రకటనలిస్తామన్నారు. చానెల్ పేరున్న టీషర్టు కూడా కుట్టించి పంపారు. మూడే షరతులు. గేము విడుదలైన పొద్దునే వీడియో రావాలి. ఎనిమిదికి తగ్గకుండా మార్కులేయాలి. ఆటలో గెలవాలంటే డబ్బు పెట్టి ఎడ్లకు బలమిచ్చే పెట్టెలు కొనాల్సి వస్తుందన్న సంగతి ఎత్తకూడదు.

వీడియోలో ఫణికృష్ణ ఆ టీషర్టు వేసుకునే కూర్చున్నాడు. "ముందే చెప్తున్నా. ఈ చొక్కా వాళ్ళిచ్చిందే. చానా మెత్తగా ఉంది, కాబట్టి నన్ను కొంచెం అనుమానంగా వినండి," అని మొదలుపెట్టి, కంపెనీ పంపిన మెయిల్ మొత్తం చదివాడు. తర్వాత గేము గురించి చెప్పాడు. ఎడ్లు నేల మీద ఆనకుండా తేలిపోతున్నాయన్నాడు. పెట్టెలు కొనకపోతే బండి కదలదన్నాడు. మూడు మార్కులేశాడు.

వీడియో వచ్చిన పది నిమిషాల్లో కంపెనీ నుంచి రమణ అనే ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆయన మా మెయిల్ చదివేశారు."

"అవునండి."

"మొత్తం చదివేశారు."

"అవునండి."

"కింద నా ఫోన్ నంబరు కూడా."

"దానికి బీప్ వేశామండి."

ఫోన్ పెట్టేసి ఫణికృష్ణ వైపు తిరిగాను. "నాలుగు నెలలు తిరిగినా అన్నా నేను."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అవును హారికా. నువ్వు తిరిగిన సంగతి కూడా ముందే చెప్పాల్సింది. మర్చిపోయినా."

ఇంతలో సుమ గేము వచ్చింది. సుమది రాచర్ల దగ్గర పల్లె. నాయన పుల్లయ్యకు మెట్టపొలం, గొర్రెల మంద ఉన్నాయి. ఆ అమ్మాయి మార్కాపురంలో ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో కూర్చుని రెండేళ్ళు ఒంటిచేత్తో గేము తయారు చేసింది. పేరు 'మంద'. నడి ఎండాకాలం. గొర్రెలను నల్లమల అంచున నీళ్ళున్న చోటికి తోలుకుపోవాలి. ఒక్క పిల్ల కూడా తప్పిపోకూడదు. నాకైతే ఆ ఆలోచనకే కళ్ళు చెమర్చాయి.

"మన పక్కూరి పిల్ల అన్నా. ఒక ఆరన్నా వెయ్యి."

"పక్కూరని ముందే చెప్తాలే," అన్నాడు.

చెప్పాడు. చెప్పి నాలుగేశాడు. "బొమ్మలు అందంగా ఉండాయి. గొర్రెలు మాత్రం గొర్రెల మాదిరి లేవు. పదో నిమిషానికి ఆవులింత వస్తాది," అన్నాడు.

మూడో రోజు పుల్లయ్య మా మెట్లెక్కి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో గొర్రెల్ని తోలే కర్ర. కర్ర చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఏం నాయనా, మా పిల్ల నీకేం అన్యాయం చేసింది? రెండు దినాలుగా కూడు ముట్టలే."

ఫణికృష్ణ లేచి తన కుర్చీ ఇచ్చాడు. "కూర్చో మామా. నువ్వు ఆ గేము చూసినావా?"

"నాకేం తెలుస్తాదబ్బా అయ్యి?"

"ఒకసారి చూడు. ఆడి చూసినంక నువ్వే చెప్పు."

ఎట్లా ఆడాలో చూపించాడు. పుల్లయ్య కర్ర గోడకానించి ఆడటం మొదలుపెట్టాడు. రెండో నిమిషంలోనే మొహం చిట్లించాడు.

"ఇదేంది, ఇవి బడిపిల్లోళ్ళ మాదిరి వరసన పోతాండాయి?"

"గొర్రెలు అట్ల పోవా?"

"యాడ పోతాయి? ముందర పొట్టేలు పోవాల. అది నిలబడితే అన్నీ నిలబడతాయి. ఎండెక్కితే దాని పొట్ట కింద ఇది, దీని పొట్ట కింద అది తలకాయలు దూర్చుకుని గుంపుగా నిలబడిపోతాయి. కర్రిరిగినా కదలవు."

"మరి నువ్వయితే ఎన్ని మార్కులేస్తావు మామా?"

పుల్లయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మూడు," అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "మా పిల్లకు చెప్పబాకు నాయనా," అన్నాడు.

ఆ వారం నుంచి ఫణికృష్ణ ఆదివారాలు కనిపించకుండా పోయాడు. ఎక్కడికని అడిగితే పనుందనేవాడు. చట్నీ గరిటె కూడా దాచని మనిషి ఏదో దాస్తున్నాడంటే పెళ్ళిచూపులేనని నేనూ నరసింహారావుగారూ తేల్చుకున్నాం. ఆయనైతే గదికి సున్నం కూడా కొట్టించారు.

ఏడు నెలలకు సుమ 'మంద'ను తిరగరాసి మళ్ళీ విడుదల చేసింది. ఈసారి ఎవరి ఫోన్లో చూసినా అదే. పొట్టేలు ఆగితే మంద ఆగుతుంది, ఎండకు తలలు దూర్చుకుని మొండికేస్తుంది, తప్పిపోయిన పిల్ల ఎక్కడో అరుస్తుంటే గుండె తరుక్కుపోతుంది. బెంగుళూరు కంపెనీ ఒకటి ఆ గేమును తీసుకుని, మా చానెల్‌కు ప్రకటన ఇస్తామంది. షరతుల్లేవు. మార్కులు మీ ఇష్టమన్నారు. నా జీవితంలో మొదటిసారి వాన వెలిసింది.

"ప్రకటన వద్దు," అన్నాడు ఫణికృష్ణ. "ఆ గేము గురించి నేను మాట్లాడను."

నాకు ఒళ్ళు మండింది. "నాలుగేసిన నోటితో తొమ్మిదనడానికి నామోషీనా అన్నా?"

ఆయన తలొంచుకున్నాడు. "ఎందుకో వీడియోలో చెప్తాలే," అన్నాడు.

ఆ వీడియో పదకొండు నిమిషాలు. అంతా ముందే చెప్పడమే, అసలు మాట లేదు.

"ముందే చెప్తున్నా. ఈ గేముతో నాకు సంబంధముంది. ఇరవయ్యేడు ఆదివారాలు నేను సుమ వాళ్ళ ఊరికి పోయినా. పుల్లయ్య మామ వెనక మంద చుట్టూ తిరిగి గొర్రెల నడకంతా వీడియో తీసినా. తప్పులన్నీ నలభై పేజీలు రాసిచ్చినా. సుమ నాతో పోట్లాడి అందులో సగం కొట్టేసింది. ఆ సగంలో ఆ పిల్లే కరెక్టు. పోయిన ప్రతిసారీ సంగటి తిన్నా. ఒక ఆదివారం రెండు ముద్దలు. బెంగుళూరు కంపెనీకి గేము చూడమని జాబు రాసింది నేనే. ఇంకోటి. తప్పిపోయిన గొర్రెపిల్ల అరుపు నాది. మైకు పెడితే నిజం పిల్ల అరవలే."

నీళ్ళు తాగి మళ్ళీ అన్నాడు.

"కాబట్టి నేను మార్కులెయ్యగూడదు. ఒంగోలు యేసుదాసు చానెల్ చూడండి. మూడేండ్లుగా మాకు మాటల్లేవు. నేనంటే ఆయనకు అస్సలు పడదు. అందుకని ఈ విషయంలో ఆయన మాట నమ్మొచ్చు."

కెమెరా ఆపిన తర్వాత అడిగాను. "ఇంత చేసి ఒక్క మంచి మాట చెప్తే ఏం పోయేదన్నా?"

"నేను పొగిడితే సుమ ఫణికృష్ణ మనిషి, అందుకే పొగిడినాడంటారు. రెండేండ్లు ఒక్కతే కూర్చుని చేసింది ఆ పిల్ల. ఆ పేరు పూర్తిగా ఆ పిల్లకే పోవాల."

ఇరవయ్యేడు ఆదివారాలు ఆయన నోరు ఎందుకు మూసుకున్నాడో అప్పుడు తెలిసింది. నేను తిట్టిన తిట్లన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

యేసుదాసు వారానికి నోరు విప్పాడు. "ఫణికృష్ణ చెప్పినాడని కాదు, నా అంతట నేనే ఆడినా," అని తొమ్మిదేశాడు. గొర్రెపిల్ల అరుపు మరీ అతిగా ఉందని ఒక మార్కు కోశాడట.

మర్నాడు పుల్లయ్య మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి కర్ర లేదు. చంకలో తెల్లటి గొర్రెపిల్ల ఉంది. ఫణికృష్ణ కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకున్నాడు.

"వద్దు మామా. ఇది తీసుకుంటే సుమ గేము గురించి నేనింక మాట్లాడే దానికి లేకుండా పోతాది."

"ఎట్లాగూ మాట్లాడనంటివి గదా నాయనా. ఇంకేం పోతాది?"

ఫణికృష్ణ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పుల్లయ్య పిల్లను ఆయన చేతుల్లో పెట్టి, తువ్వాలు దులుపుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"మన ఇంట్లో గొర్రెపిల్లేందిరా?" అని నరసింహారావుగారు కేకలేశారు గానీ, సాయంత్రానికి ఆయనే దానికి వేపరొట్ట తెచ్చారు. అది గోడౌన్లో తిరుగుతూ రెండో రోజు నుంచే గొంతెత్తి అరవసాగింది. ఫణికృష్ణ హడావిడిగా మైకు పెట్టి ఆ అరుపు పట్టి, గేములో తనది తీసేసి ఈ అసలుది పెట్టుకోమని సుమకు పంపాడు.

గంటకు సుమ నుంచి జవాబు వచ్చింది. "రెండూ విన్నాం అన్నా. నీ అరుపే బాగుందని మా నాయన కూడా అంటున్నాడు. అదే ఉంచుతున్నా."

ఆ మెసేజ్‌ను ఆయన సాయంత్రంలోపు కృష్ణవేణమ్మతో సహా పదకొండు మందికి చూపించాడు.