వెనక పేజీ నుంచి చదివే బాబా

మా బాబా పోయాడన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. అందుకే నమ్మలేదు.

అప్పుడు నేను కతర్‌లో, ముషైరిబ్ అనే పేటలో ఒక ప్రింటింగ్ కొట్టులో నిలబడి ఉన్నాను. పాలస్తీనా పేపరు చివరి పేజీని రోజూ పొద్దున్నే ప్రింటు తీయించి ఆయనకు అందించడం నా డ్యూటీల్లో ఒకటి. ఆయన ఆసుపత్రిలో చేరాక కూడా అది ఆగలేదు. కాగితం మెషీన్‌లోంచి వెచ్చగా బయటికి వస్తుండగా డ్రైవర్ల గ్రూపులో మెసేజ్ పడింది. పెట్టినవాడు మా బిల్డింగ్ వాచ్‌మన్, జగిత్యాల వైపు తమ్ముడు. వెంటనే ఫోన్ చేశాను.

"నువ్వు చూసినావా?"

"నేనెక్కడ చూస్తనే అన్నా. పైనింట్ల పనామె చెప్పింది."

"ఆమె చూసిందా?"

"ఆమెకు ఎవరో డ్రైవర్ చెప్పిండట."

"అట్లయితే ముందు ఆ మెసేజ్ తీసేయ్. మనిషిని మీరే చంపేట్లున్నారు."

వాడు చిన్నబుచ్చుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ప్రింటు మడతపడకుండా పక్క సీట్లో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను. పోయాడంటున్న మనిషికి పేపరు పట్టుకెళ్ళే డ్రైవర్ని చూసి మీరు నవ్వుకోవచ్చు. కానీ ఆ గుణం నాకు అంటించింది ఆయనే.

బాబా అంటే మా నాన్న కాదు. ఇక్కడ ఇళ్ళల్లో డ్రైవర్లుగా చేసేవాళ్ళం ఇంటి పెద్దాయన్ని అలాగే పిలుస్తాం. నాది రాయచోటి దగ్గర పల్లె, ఆయనది గాజా. వయసులో ఉండగా కతర్ వచ్చి, స్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక అల్ తుమామా పేటలో కూతురి ఇంట్లో ఉండేవాడు. ఆ కూతురే మా మేడమ్, ఆమెకు భర్త లేడు. కొడుకు కెనడాలో ఉన్నాడు. తోబుట్టువుల్లో గాజాలో ఆయనకు మిగిలింది ఒక్క చెల్లెలు.

నేను పనిలో చేరిన కొత్తలో ఆయన మీద నాకు గట్టి అనుమానమే ఉండేది. ఆ గదిలో టీవీ ఒకటి, రేడియోలు రెండు, టాబ్లెట్ ఒకటి, అన్నీ ఒకేసారి మాట్లాడుతుండేవి. టీవీలో కాసేపు గాజాను ఏలే పార్టీ వాళ్ళ చానెల్, కాసేపు వాళ్ళకు పడని రమల్లా సర్కారు చానెల్. రేడియోలో హీబ్రూ వార్తలు. కుర్రతనంలో సరిహద్దు దాటి అటువైపు కూలిపనికి వెళ్ళి ఆ భాష నేర్చుకున్నాడట. శత్రువు వార్తలు అంత శ్రద్ధగా వినే మనిషి ఎవరికో పనిచేస్తూ ఉండాలని నేను లెక్కగట్టాను. ఆయనకూ నా మీద అదే అనుమానం. నేను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే బాల్కనీలోంచి వంగి చూసేవాడు. ఒకసారి అడిగేశాడు కూడా.

"ఆ భాషలో రోజూ ఎవరికి చెప్తున్నావు మా ఇంటి సంగతులు?"

"మా ఆడామెకు బాబా. మీ సంగతులు కాదు, మా బర్రె సంగతులు."

"బర్రెకి ఏమైంది?"

"పాలు తగ్గినాయంట."

"ఎవరు పిండి చూశారు?" అన్నాడు.

అలా మొదలైంది మా స్నేహం. అనుమానపు మనుషులు ఇద్దరు ఒక కారులో కూర్చుంటే ఒకరికొకరు నచ్చక చస్తారా.

ఎవరేం చెప్పినా ఆయన వేసే ప్రశ్న ఒక్కటే. "మీన్ షాఫ్?" అంటే చూసింది ఎవరు అని. ఊళ్ళో స్టేడియాలు లేస్తున్న రోజులవి. వరల్డ్ కప్ పేరు చెప్పి రోడ్లు వారానికో దారి పట్టేవి. మా ఇంటి దగ్గరే ఒక స్టేడియం, నమాజు టోపీ ఆకారంలో, తెల్లగా లేస్తోంది. బయటి దేశాల టీవీలు అక్కడ పనిచేసేవాళ్ళ గురించి ఒకటి చెప్పేవి, ఇక్కడి పేపర్లు ఇంకొకటి చెప్పేవి. బాబా రెండూ చదివి, కిందికి దిగి, వాచ్‌మన్ తమ్ముణ్ణి పట్టుకునేవాడు. వాళ్ళన్న ఆ సైటులో పనిచేసేవాడు మరి. ఎండలో ఎంతసేపు నిలబెడుతున్నారు, నీళ్ళు ఎక్కడ పెడుతున్నారు, పడిపోయినవాణ్ణి ఎవరు మోశారు, నువ్వు విన్నావా మీ అన్న చూశాడా, అని వాణ్ణి పిండేసేవాడు. చివరికి నాతో, "రెండు వైపులా సగమే రాశారు. మిగతా సగం మీ వాచ్‌మన్ అన్న దగ్గర ఉంది, వాణ్ణి ఎవరూ అడగరు," అనేవాడు.

ఆ తమ్ముడి తల్లి ఓసారి ఊళ్ళో టీవీ చూసి ఫోన్‌లో ఒకటే ఏడుపు. దుబాయ్‌ల బిల్డింగు అంటుకుందట, నా కొడుకు ఎట్లున్నడో అని. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. బాబా ఆ ఏడుపు విని, సంగతి తెలుసుకుని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, "పాపం, ఆమెకు వార్త అందింది, ఊరు అందలేదు. మాకూ అంతే," అన్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన సామెత ఆయనకు అరబీలోకి మార్చి చెప్పాను. ఎంత నచ్చిందో. వార్తలు చదివే కోటువాళ్ళు తెర మీదికి రాగానే ఆ మాట అని వాళ్ళ వైపు వేలు ఆడించేవాడు.

ఇంత అనుమానంలోనూ ఆయన నమ్మేది ఒకటుండేది. అది పేపరు వెనక పేజీ. రమల్లా వైపు నుంచి వచ్చే ఆ పేపరులో చివరి పేజీ నిండా చావు ప్రకటనలు, అడుగున కొన్ని పెళ్ళి శుభాకాంక్షలు ఉంటాయి. ముందు పేజీ నాయకులు రాయించుకుంటారు, వెనక పేజీ ఇంటివాళ్ళు రాయించుకుంటారు అనేవాడు. ఆ పేపరు ఒక్కోసారి గాజాలోకి రానిచ్చేవాళ్ళు కాదు, వచ్చినా చెల్లెలి వీధి దాకా చేరేది కాదు. అందుకని రోజూ పొద్దున కారులో కూర్చుని ఫోన్‌లో ఆమెకు ఆ పేజీ చదివి వినిపించేవాడు. స్టేడియం ఎదుట ఖాళీ స్థలంలో బండి ఆపమనేవాడు. ఇంట్లో నాలుగు గొంతుల మధ్య చావు పేర్లు చదవడం ఆయనకు ఇష్టం లేదు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాడు. అవతల చెల్లెలి గొంతు, దాని వెనక ఆమె రేడియో. అక్కడ కరెంటు ఉన్నా లేకపోయినా ఆ బ్యాటరీ రేడియో మాత్రం ఆగదు. ఏ వీధిలో ఏం పడిందో, ఏ దారి మూసుకుపోయిందో, జైల్లో ఉన్నవాళ్ళకు వాళ్ళ తల్లులు ఏం చెప్పుకుంటున్నారో అన్నీ అందులోనే వచ్చేవి. ఆయన చదవబోయే ముందు ఆమె ఒక మాట అడిగేది.

"టోపీ తీశావా?"

"తీశా."

నిజంగానే తీసేవాడు. ఉన్ని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివేవాడు. పెళ్ళిళ్ళ దగ్గరికి రాగానే మళ్ళీ పెట్టుకునేవాడు. వాళ్ళ నాన్న అలా చేసేవాడట. చదవడం అయ్యాక ఆమె తన రేడియోను ఫోన్ దగ్గర పెట్టేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. అన్న పేపరు ఇస్తే చెల్లెలు రేడియో ఇచ్చేది.

అంత నమ్మిన పేజీ కూడా ఒకసారి ఆయన్ని దెబ్బకొట్టింది. గాజాలోనే ఖాన్ యూనిస్‌లో ఉండే పినతండ్రి కొడుకు పేరు, తండ్రి పేరు, తాత పేరు, అన్నీ కలిసి చావు ప్రకటనల్లో కనబడ్డాయి. అటు ఫోన్లు కలవడం లేదు. బాబా ఇంటి తలుపులు తీశాడు. వాళ్ళ ఆచారం ప్రకారం మూడు రోజులు పలకరింపులకు మనుషులు వచ్చారు. నేను పక్క పేట మెసైమీర్ నుంచి కుర్చీలు మోసుకొచ్చాను, చేదు కాఫీ ఫ్లాస్కులు నింపాను. ఆఖరి రోజున, అందరూ కూర్చుని ఉండగా, పోయినాయన ఫోన్ చేశాడు. "నా కాఫీ ఎలా ఉంది?" అని అడిగాడట. ఊరంతా విని పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. బాబా మాత్రం నవ్వలేదు. పేపరు అబద్ధం చెప్పలేదు, పోయినవాడు అదే పేరున్న వేరే మనిషి, ఏడ్చింది మనం, అన్నాడు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఏ చావైనా సరే, కళ్ళతో చూసిన మనిషి ఫోన్‌లోకి రావాలి. ఆ మనిషిని పరీక్షించాకే ఏడవాలి.

ఆ ఒప్పందం ఎంత అవసరమో యుద్ధం వచ్చినప్పుడు తెలిసింది. చెల్లెలి ఫోన్ మూగబోయింది. టీవీలో ఆమె వీధి, పైన నల్లటి పొగ. నిప్పు లేందే పొగ రాదు కదా బాబా, అన్నాను నీరసంగా.

"పొగ ఎవరింటిది? అది చెప్పమను వాళ్ళని," అన్నాడు. "ఒకడు గెలిచామంటాడు. ఒకడు ఖండించామంటాడు. అవతలివాడు గురిచూసి కొట్టామంటాడు. నా చెల్లెలు ఎక్కడుందో ముగ్గురిలో ఒక్కడూ చెప్పడు."

చివరికి ఆమె పొరుగింటాయన ఫోన్ కలిసింది. బతికే ఉందన్నాడు. బాబా వదల్లేదు. నువ్వు చూశావా, ఎక్కడ కూర్చుని ఉంది, ఏం చేస్తోంది అని అడిగాడు. మెట్ల కింద కూర్చుని పప్పు ఏరుతోంది, రేడియో చెవి దగ్గర పెట్టుకుంది, నన్ను మాట్లాడనివ్వడం లేదు అన్నాడు ఆయన. అప్పుడు ఏడ్చాడు బాబా. స్టీరింగ్ పట్టుకుని నేనూ ఏడ్చాను.

ఇదంతా తలుచుకుంటూనే ఆ రోజు ఆసుపత్రికి చేరాను. మేడమ్ వరండాలో కూర్చుని ఉంది. నా చేతిలో ప్రింటు చూసి ముఖం చేతుల్లో దాచుకుంది. అయినా నేను లోపలికి వెళ్ళి చూశాను. ఆయనే. గడ్డం కింద పుట్టుమచ్చ, కళ్ళజోడు ఒరుసుకున్న ముక్కు. ఎవరి మాటా అక్కర్లేకుండా తెలుసుకున్నాను. ఆ కాగితం ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

మెసైమీర్ శ్మశానానికి ఆడవాళ్ళు రాలేదు. కెనడా కొడుకుకు విమానం అందలేదు. నేను వేరే మతంవాణ్ణి కదా అని గేటు దగ్గరే ఆగిపోతే, బాబాతో స్కూల్లో పనిచేసిన ముసలాయన ఒకరు నా చెయ్యి పట్టుకుని గొయ్యి దాకా తీసుకెళ్ళాడు. నేనూ మట్టి వేశాను. ఆ ఇంటి నుంచి ఆయన్ని భూమిలో పెట్టడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంటికొచ్చేసరికి కొడుకు ఫోన్‌లో ఉన్నాడు. గాజాలో అత్తకి చెప్పొద్దు, ఆమె గుండె జబ్బు మనిషి, నాన్నను వైద్యానికి వేరే దేశం తీసుకెళ్ళామని చెప్పు, అంటున్నాడు. మేడమ్ కాసేపు విని, "మనం కూడా ఒక చానెల్ పెట్టేద్దామా?" అంది. ఫోన్ పెట్టేసి గాజాకు కలిపింది.

బాబా చెల్లెలికి అప్పటికే ఎవరో ఫేస్‌బుక్‌లో చూసి చెప్పారట. ఆమె వాళ్ళను తిట్టి పంపించింది. మేనకోడలు ఏడుస్తూ చెప్పినా నమ్మలేదు. వెనక రేడియో గట్టిగా మోగుతోంది.

"మీన్ షాఫ్?" అంది. "నువ్వు పాతిపెట్టడం చూశావా?"

"లేదు అత్తా."

"అయితే చూసినవాణ్ణి పిలువు."

మేడమ్ ఫోన్ నా చేతికిచ్చింది. ఇన్నేళ్ళుగా బాబా అందర్నీ అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు నేనయ్యాను. లేదమ్మా, ఎవరో పొరపాటు పడ్డారు అని అనేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

"అనా షుఫ్త్ అమ్మా. నేను చూశాను. నేను డ్రైవర్ని."

"డ్రైవర్‌వని నాకేం తెలుసు. పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు మా అన్న టోపీ ఎక్కడ ఉండేది?"

"మోకాలి మీద."

"ఏ మోకాలు?"

"కుడి మోకాలు. ఎడమది నొప్పి కదా అమ్మా."

అవతల రేడియో ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ రేడియో ఆగడం నేను వినలేదు. ఆ తర్వాత ఆమె ఏడుపు వినిపించింది.

పేపరులో బాబా ప్రకటన వచ్చిన రోజు ముషైరిబ్ వెళ్ళి ఎప్పటిలాగే చివరి పేజీ ప్రింటు తీయించాను. మేడమ్ ఆఫీసుకు వెళ్ళే ముందు స్టేడియం ఎదుట బండి ఆపమంది. వెనక సీట్లో, ఆయన కూర్చునే వైపు కూర్చుంది. ఎదురుగా ఆ తెల్లటి పెద్ద టోపీ, చుట్టూ జెండాలు కడుతున్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చదవబోయింది.

"ఆగు," అంది అవతలి గొంతు. వెనక ఏ చప్పుడూ లేదు. "ఆ డ్రైవర్ ఉన్నాడా?"

"ఉన్నానమ్మా."

"టోపీ తీశావా?"

నా నెత్తిన ఎవరో పంచిపెట్టిన ఫుట్‌బాల్ బొమ్మ టోపీ ఉంది. తీసి కుడి మోకాలి మీద పెట్టుకున్నాను.

"తీశానమ్మా," అన్నాను.

అప్పుడు మేడమ్ ఆయన పేరు చదివింది.