దిల్‌సుఖ్‌నగర్ మూడో అంతస్తులో రెండు ఫిరంగులు

ఉదయం ఎనిమిదింటికి తుర్కయంజాల్‌లో బస్సెక్కాను. పదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో డెమో క్లాసు. సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు పాఠం చెప్పాలి. మెప్పిస్తే మాస్టారు ఉద్యోగం, లేకపోతే మర్నాటి నుంచి బడంగ్‌పేట్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఇన్నేళ్లు సైన్యంలో ఫిరంగి పేల్చినవాణ్ణి గేటు తీస్తూ, వేస్తూ బతకమంటే నా వల్ల కాదు.

ఫిరంగుల దగ్గర పనిచేసినవాళ్లకు చెవులు మందగించి గొంతు పెరుగుతుంది. దారిలో మా ఆవిడ సరోజ ఫోన్ చేసింది. "జర మెల్లగ చెప్పు పాఠం. పిల్లలు బెదిరి పారిపోతరు." సరేనని అరిచాను. పక్క సీట్లో పూలగంప పెట్టుకున్నామె నవ్వింది. "ఏందన్నా, ఫోన్ లేకున్నా ఆమెకు ఇనొస్తది గదా."

డెమోకు కోచింగ్ సెంటర్‌వాళ్లిచ్చిన అంశం: బండి వెనక కట్టి లాక్కెళ్లే ఫిరంగి మేలా, ట్రక్కు మీదే బిగించిన ఫిరంగి మేలా? నేను చాకిరీ చేసిందంతా లాగుడు ఫిరంగికే. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, పాఠమంతా దాని వైపే సిద్ధం చేసుకున్నాను.

ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో పట్టుకుంటే దిల్‌సుఖ్‌నగర్ ఎంతసేపు! ఇంకా టైముంది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ కింద ఇడ్లీ తిని చాయ్ తాగుతుంటే ట్రాఫిక్ పోలీసుల జీపు వచ్చింది. ట్రాలీ ఆటోలో బత్తాయిలు అమ్ముతున్నవాడు తాళం తిప్పి మాయమయ్యాడు. తోపుడు బండి మీద జామకాయలు అమ్మే ముసలాయన ఇంకా గొడుగు ముడుస్తూనే దొరికిపోయి తిట్లు తిన్నాడు.

"ఆనికి ఇంజనుంది, నాకు చేతులున్నయి. ఏం జేస్త?" అన్నాడు నాతో.

ఆయన బండిలో నాకు మా లాగుడు ఫిరంగే కనిపించింది. ఇప్పటి యుద్ధంలో గుండు పేల్చగానే ఎక్కణ్ణుంచి వచ్చిందో శత్రువు రాడార్ పసిగడుతుంది. పైన డ్రోన్లు చూస్తుంటాయి. జవాబు గుండు వచ్చేసరికి ట్రక్కు ఫిరంగి వెళ్లిపోయి ఉంటుంది, మా లాగుడుది నేలకు ఆనించిన కాళ్లు ఇంకా ముడుచుకుంటూ ఉంటుంది. అభిమానం వేరు, పాఠం వేరు. తెచ్చుకున్న పాఠాన్ని అక్కడే వదిలేశాను.

మూడో అంతస్తులో క్లాసు. డైరెక్టర్ మేడం రాజమండ్రి వైపావిడ. వెనక కూర్చుని వింటున్న ఆమెను బతిమాలి చక్రాలున్న ఆమె కుర్చీ అడిగి తీసుకున్నాను. అది ట్రక్కు ఫిరంగి, దానికి ముగ్గురు పిల్లలు. పొడవాటి బల్ల లాగుడు ఫిరంగి, దానికి ఆరుగురు.

"గుండు పేలింది. శత్రువు చూసిండు. కదలుండ్రి!" అని అరిచాను. మెల్లగా మాట్లాడే సంగతి గుర్తే లేదు. కుర్చీ వరండా చివరికి దొర్లిపోయింది. బల్ల గుమ్మంలోనే ఇరుక్కుంది.

"బల్లోళ్లు అందరు సచ్చిన్రు," అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

బల్ల పట్టుకున్న ఒక అమ్మాయికి రోషం వచ్చింది. "మరి గీ బల్లను అమ్ముకోవాల్నా సార్?"

"లేదు బిడ్డా. ఇప్పుడు టెర్రస్ మీదికి పోదాం."

మొదటి మెట్టు దగ్గరే కుర్చీ ఆగిపోయింది. చక్రం ఎక్కని చోటికి ట్రక్కు పోదు, ఇంజను చెడితే ఫిరంగీ కూర్చోవాల్సిందే. ఆరుగురూ బల్లను పక్కకు వంచి గుమ్మంలోంచి బయటికి తీసి, భుజాలకెత్తుకుని పైకెక్కారు. మా లాగుడు ఫిరంగుల్లో తేలికైనవాటిని హెలికాప్టర్‌కు వేలాడదీసి కొండ మీద దించుతారని చెప్పాను. పైన బల్ల దించి ఆ అమ్మాయి నాకంటే గట్టిగా అరిచింది: "ఫిరంగి తయార్ సార్!" మైదానంలో కొట్టి తప్పుకోవడానికి ట్రక్కుదే గెలుపు, కొండకు మాత్రం మా పాతదాన్ని ఉంచుకోవాలి అని తీర్పు చెప్పాను.

మేడం ఆయాసపడుతూ పైకొచ్చారు. "నా కుర్చీని మెట్ల దగ్గర వదిలేశారేంటండీ?" తేవడానికి నేను కిందికి దిగబోతే ఆపారు. "సోమవారం నుంచి వచ్చేయండి. గొంతు మాత్రం తగ్గించకండి. పక్క గదిలో బ్యాంకు పరీక్షల పిల్లలు కూడా లేచొచ్చేశారు."

కిందికి దిగితే జామకాయల ముసలాయన ట్రాలీ పట్టని సందులో బండి పెట్టుకుని జోరుగా అమ్ముతున్నాడు. ఓ కిలో కొన్నాను.

ఎల్బీ నగర్‌లో బస్సెక్కి సరోజకు ఫోన్ చేశాను. "నౌకరి ఒచ్చింది!" బస్సంతా వెనక్కి తిరిగింది. కండక్టరమ్మ నవ్వుతూ, "అక్కకే కాదన్నా, మాకందరికి తెల్శింది," అంది. జామకాయలు అయిపోయేదాకా తలా ఒకటి పంచాను.

ఫోన్లో సరోజ, "సరిగ్గ ఇనపడలే. మళ్ల చెప్పు," అంది.

వినపడిందని నాకు తెలుసు. ఈసారి ఇంకా గట్టిగా చెప్పాను.