మాతో కలిసి తిన్న మేనేజర్

కొత్తగూడెం అవతల, అడవి అంచున ఒక పెద్ద కంపెనీ ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మా మేనేజర్ రోజూ క్యాంటీన్‌లో మాతోనే తినేవాడు. "ఏం కూర తెచ్చినవ్‌రా?" అంటూ అందరి డబ్బాల్లోకి తొంగిచూసేవాడు. మేమంతా ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం.

తొంభైలు మొదలయ్యాక కంపెనీ పెద్ద ఆఫీసర్ల జీతాలు రెట్టింపు చేసింది. నష్టాలొచ్చాయని మాకు మాత్రం పైసా పెంచలేదు. మర్నాడు ఆయన ఎప్పటిలాగే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏం కూరరా?"

"పప్పే, సార్."

ఆ మాటకు ఆయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది.

"నేనడగలే. వాళ్లే పెంచిండ్రు."

"వద్దని గూడ అనలే గద, సార్."

ఆయన డబ్బా మూసుకొని లేచిపోయాడు. ఆ తర్వాత బదిలీ అయ్యేదాకా తన గదిలో ఒక్కడే తిన్నాడు. తింటున్నంతసేపూ తలుపు బార్లా తెరిచే ఉంచేవాడు.