పతనం సారు గీసిన కుడి భుజం

పైకి వెళ్ళేది ఏది కనిపించినా మా బావకు ఒకటే ఆలోచన: ఇది ఎప్పుడు కింద పడుతుంది? ఆ ఆలోచన తీరిగ్గా కాళ్ళు చాపుకోవడానికి షేర్ మార్కెట్ తగినంత విశాలంగా ఉంది కాబట్టి దాన్ని పట్టుకున్నాడు గానీ, అది లేకపోతే పిల్లల గాలిపటాల వెంట పడేవాడు.

ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా గొట్టాలూ వాల్వులూ గీసేవాడు, ఇంటికొచ్చి మార్కెట్ పతనాన్ని గీసేవాడు. వీధిలో అందరికీ ఆయన ‘పతనం సారు’. అది వెక్కిరింపని ఆయనకు తోచలేదు. బిరుదనుకున్నాడు.

ఆ రోజుల్లో నేను అక్కావాళ్ళ మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. పొద్దున్నే పేపర్లోంచి సూచీ అంకె నేను చదవాలి, గ్రాఫ్ కాగితం మీద బావ చుక్క పెట్టాలి. ఒక్క చుక్కకు పెన్సిల్ చెక్కడం ఐదు నిమిషాలు. “తొందరేముంది బావా, చుక్కేగా?” అంటే కళ్ళజోడు మీంచి చూసేవాడు. “వెంట్రుకవాసి జరిగినా అది చుక్క కాదురా, అబద్ధం.”

ఆ చుక్కలన్నీ కలిపితే కొండల వరుస. అందులో మూడు కొండలు పక్కపక్కనే వచ్చి, నడిమిది పొడుగ్గా, అటూ ఇటూ ఉన్నవి పొట్టిగా ఉంటే దాని పేరు ‘తల, రెండు భుజాలు’. వాటి కింద అడ్డంగా గీసేది మెడ గీత. కుడి భుజం దిగుతూ దిగుతూ ఆ మెడ గీతను తెంపుకుని కిందికి పోయిందంటే మార్కెట్ పని అయిపోయినట్టే. బావ నెలకు మూడుసార్లు మార్కెట్ పని అయిపోయిందని ప్రకటించేవాడు. మార్కెట్‌కు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పేవారు కాదు.

“శుక్రవారం పడుతుందన్నావు, పడలేదే?”

“పడలేదు అనకు. ఇంకా పడలేదు అను.”

ఆయన నిఘంటువులో ‘తప్పు’ అనే మాట ఉన్న పేజీ ఎవరో చింపేశారు. ఆయన జోస్యాలన్నీ నిజమైనవే. కొన్ని మాత్రం ఆలస్యంగా నడుస్తున్నాయి, అంతే.

ఒకరోజు అక్క పాలు స్టవ్ మీద పెట్టి, కాస్త చూస్తుండమని పక్కింటికి వెళ్ళింది. బావ చూశాడు. నిజంగా కళ్ళార్పకుండా చూశాడు. అక్క వచ్చేసరికి పాలు గట్టు మీంచి నేల మీదికి పాకుతున్నాయి.

“ఏమండీ, చూడమన్నానా లేదా?”

“చూశానే! ఇంత నిటారుగా లేచింది ఏదీ నిలవదు, గిన్నె అంచు దాటగానే పడుతుందనుకున్నా. సరిగ్గా అలాగే పడింది.”

“అనుకున్నారు సరే. స్టవ్ ఎవరు కట్టేస్తారు? మీ కుడి భుజమా?”

కూతురి లెక్కల మార్కులకూ ఒక గ్రాఫ్ ఉండేది. “ఈసారి నలభై దాటవు” అని పరీక్షకు ముందే తేల్చాడు. ముప్పై ఎనిమిది వచ్చాయి. అక్క గరిటె పట్టుకుని వస్తుంటే ఆ పిల్ల తండ్రి వెనక నక్కి, “నాన్న మాట పోకూడదని తక్కువ రాశానమ్మా!” అంది. బావ కళ్ళు చెమర్చాయి. ఆ ఇంట్లో ఆయన విద్యను గౌరవించిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఇన్నేళ్ళలో మార్కెట్ నిజంగా కుప్పకూలింది ఒక్కసారే. ఆ వారం బావ జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నాడు, నాలుగు రోజులుగా చుక్క పెట్టలేదు. సంగతి చెప్పగానే దిండు మీద తల పక్కకు తిప్పేసుకున్నాడు. “నేను లేనిది చూసి పడిందిరా.” అయితే మంచం కాళ్ళ దగ్గర వేలాడే జ్వరం చార్టు కంటపడగానే లేచి కూర్చున్నాడు. నూట రెండు, నూట నాలుగు, మళ్ళీ నూట రెండు. “తల, రెండు భుజాలు! సిస్టర్, రేపు పొద్దున్నకు మెడ గీత తెగుతుంది!” తెగింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆ నర్సు వార్డులో మిగతా వాళ్ళ చార్టులు కూడా తెచ్చి చూపించుకోవడం మొదలుపెట్టింది. డాక్టర్ ఒకరోజు ముందే ఆయన్ని ఇంటికి పంపించేశాడు.

ఇక మా వీధి చివరి దర్జీ సంగతి. ఎనిమిదడుగుల కొట్లో పదిహేనేళ్ళుగా అద్దెకుండి బట్టలు కుడుతున్నాడు. ఆ ఏడు కొట్టు యజమాని వచ్చి, “అమ్మేస్తున్నాను. జిరాక్సు వాడు నోట్లు పట్టుకుని తిరుగుతున్నాడు. నువ్వు పాతవాడివి గనక నెలాఖరు దాకా ఆగుతా. కొంటే కొను, లేదా ఖాళీ చెయ్యి” అన్నాడు. దర్జీ దాచుకున్నదంతా షేర్లలో ఉంది. ఆ రోజు ధరకు అమ్మితే కొట్టుకు సరిగ్గా సరిపోతుంది. కానీ మార్కెట్ రోజూ లేస్తోంది. ఇంకో రెండు వారాలు ఆగితే కొట్టుతోపాటు కాజాలు కుట్టే మిషన్ కూడా వస్తుందని దర్జీ ఆశ.

ఈ మాట బావ చెవిన పడింది. ఆ రాత్రి ఇంట్లో పెన్సిల్ చెక్కిన చప్పుడు ఆగలేదు. మర్నాడు సాయంత్రం నాలుగు కాగితాలు అతికించిన గ్రాఫ్‌తో, నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు బయల్దేరాడు. కత్తిరింపు బల్ల మీద ఎవరిదో ప్యాంటు గుడ్డ పరిచి ఉంటే దాని మీదే గ్రాఫ్ పరిచాడు.

“చూడు. ఎడమ భుజం, తల, కుడి భుజం. వారం తిరక్కుండా పడుతుంది. రేపే అమ్మెయ్యి.”

దర్జీ మెడలోని టేపు సర్దుకుని వంగి చూశాడు. “ఎడమ భుజం రెండంగుళాలు జారింది సార్. ఇలాంటి మనిషికి చొక్కా కుట్టడం కష్టం.”

“వేళాకోళం కాదు!”

“మరేంటి సార్? పోయిన నెల కూడా పడుతుందన్నారు.”

“అది ఇంకా పడలేదు. ఇది పడుతుంది! నా పదవీ విరమణ డబ్బు మీద ఒట్టు. ఇది తప్పితే మళ్ళీ పెన్సిల్ పట్టను!”

బావ పెన్సిల్ మీద ఒట్టు పెట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు. దర్జీ కూడా విన్నట్టు లేడు. కత్తెర పక్కన పెట్టి, “సరే సార్. మిషన్ నా రాతలో లేదనుకుంటా” అన్నాడు.

తిరిగి వస్తుంటే ఆస్పత్రి కాంపౌండర్ సైకిల్ దిగి మరీ ఆపాడు. “సార్, పడుతుందంటున్నారట. నావీ అమ్మెయ్యనా?”

“నీకు డబ్బెప్పుడు కావాలి?”

“మావాడు కాలేజీకెళ్ళేటప్పుడు.”

“ఇప్పుడెన్నో క్లాసు?”

“రెండు.”

“అయితే ఇంటికెళ్ళి హాయిగా పడుకో. ఏం భయం లేదు.”

చంకలో ఉన్నది అదే గ్రాఫ్! నాకు మతిపోయింది. పైగా ఇంకో సంగతి కూడా అప్పుడే బుర్రకు తట్టింది. రోజూ అంకెలు చదివేది నేనే కదా, కుడి భుజానికి కావలసిన అంకెలు నేనెప్పుడూ చదవలేదు. అయినా బావ వెనకే ఇంటిదారి పట్టాను.

దర్జీ అమ్మేశాడు. నెలాఖరుకు రెండు రోజుల ముందు కొట్టు అతని పేరు మీదికి వచ్చింది. మార్కెట్ మాత్రం ఆ అమ్మకం కోసమే ఎదురుచూస్తున్నట్టు, వరసగా పదకొండు రోజులు లేచింది. పన్నెండో రోజు దర్జీ, టేపు మెడలో ఉండగానే, మా వాకిట్లో నిలబడ్డాడు.

“సార్! ఈపాటికి మిషనూ, దాని మీద మోటారూ కూడా వచ్చేవి! ఏమయ్యాయి మీ భుజాలు?”

నేను ‘ఇంకా పడలేదు’ కోసం ఎదురుచూశాను. లోపల అక్క కూడా గిన్నెల చప్పుడు ఆపి ఎదురుచూసింది.

బావ లేచి నిలబడ్డాడు. “తప్పయిపోయింది నాయనా. నా లెక్క తప్పింది” అన్నాడు.

దర్జీ ఇంకా చాలా తిట్లు కుట్టుకుని వచ్చాడు గానీ, ఆ మాటతో వాటికి చోటు లేకుండా పోయింది. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నేను గ్రాఫ్ తెచ్చి ఆయన ముందు పరిచాను. “బావా, ఈ కుడి భుజం ఎక్కడిది? ఈ అంకెలు నేను చదవలేదు.”

“నెమ్మదిగా మాట్లాడరా!” అన్నాడు, కూతురు చదువుకుంటున్న గది వైపు చూసి. “నేనే పెట్టాను.”

“వెంట్రుకవాసి జరిగితే అబద్ధమన్నావు. ఇక్కడ భుజానికి భుజమే...”

“ఏం చెయ్యమంటావు? ఒట్టి మాటలు చెబితే వినేలా ఉన్నాడా?” కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. “ఇరవై ఏళ్ళుగా గీస్తున్నానురా. అది ఎప్పుడు పడుతుందో నాకు తెలీదు. నిజం. కానీ ఎప్పుడో పడుతుంది. అది పడిన రోజున ఎవడు లేవలేడో మాత్రం నాకు తెలుసు. కాంపౌండర్‌కు పదేళ్ళ టైముంది, లేస్తాడు. వీడికి పదిహేను రోజులే ఉంది.”

“ఆ మాటే ఇప్పుడు చెప్పచ్చుగా అతనికి?”

“లెక్క తప్పిందంటే ఇంకోసారైనా వింటాడు. దొంగ భుజం గీశానంటే వింటాడా?”

వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. “ఆ కాగితాలు అతికించడానికి మైదా ఉడకబెట్టింది నేనే. ఇంక ఊరుకోరా.”

ఆ తర్వాత ఏ సాయంత్రం ఆ దారిన వెళ్ళినా, దర్జీ బల్ల వెనక కూర్చుని, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడికీ తన కాజాల మిషన్ కథ చెబుతూ కనిపించేవాడు. “ఆ పతనం సారు మాట మాత్రం చచ్చినా వినకండి!” అన్నది దాని ముగింపు. ఎదురుగా స్టూలు మీద బావ కూర్చుని, అది ఎవరి సంగతో అన్నట్టు తల ఊపుతూ వినేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

“రోజూ వచ్చి మరీ తిట్లు తినడమేంటి బావా? నీకు చీమ కుట్టినట్టైనా లేదా?”

“తిట్టనీరా” అన్నాడు మా బావ, నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ. “సొంత కొట్లో కూర్చుని తిడుతున్నాడు.”