ఏటా నలుగురే

మా కళాశాల ఫిజికల్ డైరెక్టరు గారు పోయారన్న కబురు తెచ్చినవాణ్ణి నేను తిట్టాను. బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో పేపరు చదువుకుంటున్నాను. ఆయన దగ్గర ఆట నేర్చుకుని, ఇప్పుడు బ్యాంకులో గుమాస్తాగా ఉన్న కుర్రాడు గేటు దగ్గరే సైకిలు పడేసి లోపలికొచ్చాడు.

"మాస్టారూ, డైరెక్టరు గారు పోయారండీ."

"ఏం మాటలురా అవి? నిన్న సాయంత్రం ఈ ఎదుటి కుర్చీలోనే కూర్చుని నా మీద కేకలేసి వెళ్ళాడు. పొద్దున్నే తాగొచ్చావా?"

వాడు ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

నమ్మాను అని రాశాను గాని, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా నమ్మకం కుదరడం లేదు. తెల్లవారుతుండగా బావి దగ్గర మొహం కడుక్కుంటూ చేద పక్కనే కూలబడ్డారట. యాభై నిండలేదు. ఒంట్లో ఒక్క జబ్బు లేదు. నేను ఉద్యోగం దిగిపోయి ఎన్నో ఏళ్ళయింది, ఒక చెవి వినిపించదు, కంటికి శుక్లాలు వచ్చాయి. నన్నొదిలేసి ఆయన్ని తీసుకుపోవడం ఏమిటో, ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఒక్క దాంట్లోనూ దీనికి సమాధానం దొరకలేదు.

కళాశాలలో సంతాప సభ జరిగింది. పాలకవర్గం అధ్యక్షుడు గారు మాట్లాడారు, ప్రిన్సిపాలు గారు మాట్లాడారు. "మాకు కుడిభుజం" అన్నారు. చరిత్ర గ్రంథాలు చాలా చదివినవాణ్ణి. రాజు పోయినప్పుడు అందరికంటే పెద్దగా ఏడ్చేవాడెవడో, ఎందుకు ఏడుస్తాడో నాకు తెలుసు. నేను లేచి నిలబడితే "టైము లేదండీ" అన్నారు. ముప్ఫై ఏళ్ళు అదే హాల్లో ఇంగ్లీషు పాఠం చెప్పిన వాడికి రెండు నిమిషాలు లేవట. అందుకని పాఠకులకు చెబుతున్నాను. డైరెక్టరు గారు ఆ కళాశాలలో ఒకే ఒక్క విషయం కోసం పోట్లాడారు. బాస్కెట్‌బాల్ జట్టులోకి ఏటా కొత్తగా ఎంతమందిని చేర్చుకోవాలి అన్నదే ఆ విషయం. వినడానికి చిన్నదే. దాని కోసం ఆయన ఉద్యోగాన్ని పణంగా పెట్టారు.

ఆయన రాకముందు మా జట్టుకు పట్టిన గతి గుంటూరులో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా అధ్యక్షుడు గారిది జిన్నింగు మిల్లు, మిరపకాయల వ్యాపారం. ఆయన తన సొంత ఊరి నుంచి ఐదుగురు పొడుగాటి కుర్రాళ్ళను తెచ్చి, ఉచిత సీట్లిచ్చి జట్టు కట్టించారు. ఐదుగురూ దాయాదుల పిల్లలే. అందరిదీ ఒకే ఇంటిపేరు. బాగా ఆడేవాళ్ళు, అబద్ధమెందుకు. కళాశాలల పోటీలో ఫైనలుకు కూడా వెళ్ళారు. ఫైనలు రోజు పొద్దున ఆ ఊరి నుంచి మనిషొచ్చాడు. వాళ్ళ కుటుంబంలో ఒక ముసలావిడ పోయింది. ఇంటిపేరు ఒకటే గనక ఐదుగురికీ మైల. "మైలలో ఆటలేంట్రా, తక్షణం బయల్దేరండి" అని పెద్దలు కబురంపారు. మధ్యాహ్నం బస్సుకు ఐదుగురూ వెళ్ళిపోయారు. సాయంత్రం మా తరఫున అదనపు ఆటగాళ్ళుగా బల్ల మీద మిగిలిన ఇద్దరూ, హాకీ ఆడే ముగ్గురూ దిగారు. ఎదుటి జట్టువాళ్ళు జాలిపడి మెల్లగా ఆడారు. మేం ఓడినందుకు కాదు, ఆ జాలికి ఊరంతా నవ్వింది. పరీక్షలవగానే ఆ ఐదుగురూ చదువు ముగించుకుని ఒక్కసారే వెళ్ళిపోయారు. జట్టన్నది లేకుండా పోయింది.

అధ్యక్షుడు గారు దీన్ని విధి అన్నారు. తర్కశాస్త్రం చెప్పే లెక్చరరు గ్రహస్థితి అన్నాడు. ఇప్పుడు ఆయనే ప్రిన్సిపాలు.

తర్వాతి జూన్‌లో డైరెక్టరు గారు వచ్చారు. ఒంగోలు దగ్గరి పల్లెటూరివారు, మద్రాసులో వ్యాయామ విద్య చదివారు. గట్టి గొంతు, నోట్లో మాట దాగదు. క్రీడా సంఘంలో సభ్యుణ్ణి గనక మొదటి సమావేశంలో నేనున్నాను. ఆయన కూర్చోకుండానే అడిగారు.

"ఐదుగురికీ ఒకే మైల ఏంటండీ? చేర్చుకునేటప్పుడు ఇంటిపేర్లు ఎవరూ చూడలేదా?"

అధ్యక్షుడు గారు గొంతు సవరించుకున్నారు. "అయిందేదో అయిందిలేవయ్యా. ఈ ఏడు పది సీట్లిస్తున్నా. పదిమందినీ పట్టుకురా."

"నలుగురు చాలండి."

"పదిస్తానంటే నాలుగంటావేంటయ్యా? బేరమాడ్డం తెలీదా నీకు?"

"పదిమంది కలిసొస్తే కలిసే పోతారండి. మళ్ళీ మనకిదే మీటింగు. మిరపచేలో కాయంతా ఒక్క కోతకే వస్తుందాండీ? పండింది కోస్తాం, పక్కన పచ్చికాయ ఉంటది, పైన పూత ఉంటది. జట్టు అట్టా ఉండాల. ఏటా నలుగురే. అందులో ఏ ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండకూడదు."

జీవితమంతా మిరపకాయల మీద బతికిన మనిషికి ఆ మాట కాదనడానికి నోరు రాలేదు. దానికి బదులు గడువు పెట్టారు. "మూడేళ్ళు చూస్తా. కప్పు రాకపోతే ఆ కోర్టు తీసేసి సైకిళ్ళ షెడ్డు వేయిస్తా. నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో."

"నాలుగేళ్ళు పడుతుందండి."

"మూడు."

"సరే" అని అప్పుడు కూర్చున్నారు.

ఆయన లెక్క నాకు అర్థమైంది మా వరండాలోనే. ఇంటర్మీడియెట్ పోయి పి.యు.సి. వచ్చిన కొత్త రోజులు. పి.యు.సి. ఒక ఏడు, ఆపైన డిగ్రీ మూడేళ్ళు. ఆయన వస్తూ మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చేవారు. కాగితం విప్పి వాటిని వరసలుగా పేర్చేవారు. కింద వరసలో నాలుగు, పైన మూడేసి చొప్పున మూడు వరసలు. "నలుగురు చేరితే ఒకడు పి.యు.సి. తప్పుతాడు మాస్టారూ. ముగ్గురు పైకొస్తారు" అనేవారు. అందరికంటే పైవరస తీసి, "వీళ్ళు డిగ్రీ అయిపోయి వెళ్ళారు" అని తినేసేవారు. మిగిలిన వరసలు పైకి జరిపేవారు. "ఇప్పుడు ఖాళీ ఎక్కడొచ్చిందో చూడండి. ఖాళీ ఎక్కడొస్తుందో ముందు తెలియాల. నింపడం ఎవడైనా నింపుతాడు." నేనెప్పుడైనా పొరపాటున మధ్య వరసలోంచి ఒకటి తీస్తే, "అయ్యయ్యో, రెండో ఏటివాణ్ణి తినేశారు" అని కేకలేసేవారు.

ఆ లెక్కను ఒకసారి నేనే పాడుచేశానని నా మీద చాలాకాలం కోపంగా ఉన్నారు. ఆయన అడిగితేనే కొత్తవాళ్ళు నలుగురికీ ఇంట్లో ఇంగ్లీషు చెప్పాను. నలుగురూ పాసయ్యారు. శుభవార్త చెబుదామని వెళ్తే తల పట్టుకున్నారు. "ఇదేంటండీ మాస్టారూ, ఒక్కణ్ణయినా వదిలెయ్యకుండా చెప్పారూ! ఇప్పుడు పైవరసలో నాలుగోవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టను?"

కుర్రాళ్ళను వెతకడానికి ఒకసారి నన్ను కూడా తీసుకెళ్ళారు. మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల్లో నిలబడి, బస్తాలు బండిమీదికి ఎవడు ఎత్తి పడేస్తున్నాడో చూసేవారు. ఆట వస్తుందా అని అడగరు. తండ్రి దగ్గరికి పోయి ముందు ఇంటిపేరు అడుగుతారు. ఒక రైతు నవ్వాడు.

"ఏందయ్యా, వస్తానే ఇంటిపేరడుగుతున్నావ్? సంబంధానికొచ్చావా?"

"అట్టాంటిదేనండి. మీవాడి పొడుగు కూడా కావాల."

"పొడుగు నువ్వే చూడు. తిండి మాత్రం అడగమాక, నీ కాలేజీ పెట్టలేదు."

అలా చీరాల నుంచి మగ్గం నేసేవారి అబ్బాయి వచ్చాడు, నల్లపాడు నుంచి సాయిబుగారి అబ్బాయి వచ్చాడు. ఈ జిల్లాల్లో ఎన్ని కులాలున్నాయో మా జట్టులో అన్ని ఇంటిపేర్లుండేవి. దాన్ని ఆదర్శమని ఆయన ఏనాడూ అనలేదు. ఒకడింట్లో చావొస్తే మిగతావాళ్ళు ఆడాలి, అంతే అనేవారు.

మొదటి ఏడు ఓడిపోయాం. రెండో ఏడు ఇంకా ఘోరంగా ఓడిపోయాం. విద్యార్థులు డబ్బాలు వాయించారు. స్టాఫ్ రూములో మా తర్కశాస్త్రం అడిగాడు, "ఏం డ్రిల్లు మాస్టారూ, మీ మిరపచేను కోతకొచ్చిందా?"

"పూతమీదుందండి. మీ గాలి తగలకపోతే కాస్తది."

నేను తప్ప ఎవరూ నవ్వలేదు.

మూడో ఏడు పోటీలు దగ్గరపడుతుండగా అధ్యక్షుడు గారు కారులో కోర్టు దగ్గరికొచ్చారు. వెంట తమ్ముడి కొడుకు, వాడి స్నేహితులు ముగ్గురు. మద్రాసులో ఆడుతున్నవాళ్ళు, అందరూ చదువు ఆఖరి ఏటికొచ్చినవాళ్ళు. "వీళ్ళ పేర్లు మన కాలేజీలో ఎక్కించేశా. వీళ్ళను దింపు, కప్పు ఖాయం."

నిజంగానే ఖాయం. అది డైరెక్టరు గారికి నాకంటే బాగా తెలుసు. గడువు కూడా అదే ఆఖరు. బంతి చంకలో పెట్టుకున్నారు.

"ఈ ఏడు కప్పొస్తదండి. వచ్చే ఏడు వీళ్ళు పోతారు. ఇప్పుడు పక్కన కూర్చోబెట్టినవాళ్ళు అలిగి ముందే పోయుంటారు. అప్పుడు ఎవరాడతారు?"

"వచ్చే ఏడు గోల నీకెందుకయ్యా? ఈ ఏడు కప్పు రాకపోతే నువ్వుంటేగా!"

"నేను లేకపోయినా కోర్టుంటది కదండీ" అని, బంతి పిల్లల వైపు విసిరి ఆట మొదలుపెట్టించారు.

ఆ ఫైనలుకు ముందు మా కుర్రాళ్ళలో ఒకడి పెదనాన్న పోయాడు. వాడొక్కడే ఊరెళ్ళాడు. వాడి చోట రెండో ఏటివాడు దిగాడు. చివరి క్షణాల్లో ఒక బంతి రింగు చుట్టూ తిరిగి లోపల పడింది, గెలిచాం. కప్పుతో తీసిన ఫొటోలో అధ్యక్షుడు గారు మధ్యలో ఉన్నారు. డైరెక్టరు గారు లేరు. చెమట బనియన్లు ఏరి సంచిలో వేస్తున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు గెలిచాం, కొన్నేళ్ళు ఓడాం, కాని జట్టు లేకుండా కోర్టు ఒక్క ఏడూ ఖాళీగా లేదు. సైకిళ్ళ షెడ్డు రాలేదు.

ఇప్పుడు ఈ జూన్ సంగతి. కళాశాల ఉత్సవాలొస్తున్నాయి గనక కప్పు తప్పనిసరిగా కావాలన్నారు. ఎంపిక డైరెక్టరు గారి చేతుల్లోంచి తీసేసుకున్నారు. ఒక్కసారే పన్నెండు మందిని చేర్చుకున్నారు. అందులో సగంమంది అధ్యక్షుడు గారి ఊరివాళ్ళే. డైరెక్టరు గారు ముందుగానే ఊళ్ళు తిరిగి మాటిచ్చి వచ్చిన నలుగురికి సీట్లు లేవన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది తర్కశాస్త్రమే.

పోవడానికి ముందు సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చింది ఇది చెప్పడానికే. బజ్జీలు తేలేదు.

"నలుగురికి మాటిచ్చానండీ" అన్నారు. "వాడరేవులో ఒక కుర్రాడి నాన్న పడవ మీదికి ఇంకో మనిషిని కుదుర్చుకున్నాడు, కొడుకు చదువుకెళ్తాడని. ఇప్పుడేం చెప్పను?"

"రాజీనామా ఇచ్చి పారెయ్" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. "ఇస్తే? ఆ పన్నెండు మంది ఒకేసారి పోయిన రోజున ఖాళీ ఎవడు నింపుతాడు, మీరా?" అని ఇల్లెగిరిపోయేలా కేకలేశారు. తర్వాత మెల్లగా, "రేపు పొద్దున్నే వాడరేవు వెళ్తాను. కబురంపితే బాగుండదు, నేనే చెప్పాల" అని లేచారు. ఆ ప్రయాణానికి మొహం కడుక్కుంటూనే పడిపోయారు.

వాళ్ళే చంపారని నేననను. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. డాక్టరు చదువుకున్నవాడు, ఆయన మాటే ఉండనీయండి.

డైరెక్టరు గారికి కొడుకులు లేరు. నేను వెళ్ళేసరికి పాడె కట్టేశారు. వాకిట్లో గొడవ జరుగుతోంది. ఊరి నుంచి వచ్చిన అన్నగారు, పొట్టి మనిషి, చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డారు. "ఎవరెవరో వచ్చి మొయ్యడమేంటి? మా ఇంటివాళ్ళం లేమా?" ఆటగాళ్ళు గోడ వెంట తలలు దించుకుని నిలబడ్డారు. లోపల్నుంచి డైరెక్టరు గారి భార్య గడపలోకి వచ్చారు. ఆవిడ గొంతు నేనెప్పుడూ అంత స్పష్టంగా వినలేదు.

"ఒక్కొక్కరిని ఊరూరా తిరిగి తెచ్చుకున్నారు బావగారూ. వాళ్ళ భుజం లేకుండా ఆయన్ని వాకిలి దాటనివ్వను."

చివరికి ముందు ఇద్దరు ఇంటివాళ్ళు, వెనక ఇద్దరు ఆటగాళ్ళు అని కుదిరింది. మొదటి ఏడు చేరినవాడి దగ్గర్నుంచి నిన్నమొన్నటి వాడి దాకా ఏ ఏటివాడు లేడని చూస్తే, ప్రతి ఏటివాడూ ఎవడో ఒకడు ఉన్నాడు. ఒకేసారి వచ్చినవాళ్ళు కాదు గనక ఒకేసారి దూరాలకు పోలేదు. పాడె లేచింది. వెనకవాళ్ళు ఆరడుగుల వాళ్ళు, ముందున్న అన్నగారు వాళ్ళ ఛాతీకి వస్తారు. పాడె ముందుకు ఒరిగింది. అప్పుడు వెనక ఇద్దరూ మోకాళ్ళు వంచారు. ఎదుటివాణ్ణి కాచుకునేటప్పుడు కోర్టులో వంగినట్టు నడుం నిటారుగా ఉంచి, మోకాళ్ళు మాత్రం వంచి నడిచారు. పాడె సమంగా నిలిచింది. శ్మశానం దాకా అలాగే నడిచారు. ఒకడి తొడలు వణికితే, వెనక వస్తున్న ఇంకో ఆటగాడు వాడు అడక్కముందే వంగి, పాడె కిందికి తన భుజం చేర్చాడు.