పాన్ ఉలటా

మా ఆయన పోయాక నాకు అన్నిటికంటే కష్టమైంది బస్‌స్టాండు. బిడ్డను అక్కల్‌కోట్‌లో ఇచ్చాం. చూద్దామని వెళ్తే బోర్డులన్నీ మరాఠీలో, ఏ బస్సు ఎటు పోతుందో చదవరాదు. ఎవరినో ఒకరిని అడగాలి. "పాటీ దిసత్ నాహీ కా?" అని కసిరేవాళ్లు. బోర్డు కనిపించక కాదు నాయనా, అడిగింది. ఒకసారి నేను అక్కల్‌కోట్ అంటే అవతలి మనిషి అక్లూజ్ అని విని, అటు పోయే బస్సు చూపించాడు. సగం దారిలో దిగి ఏడ్చుకుంటూ వెనక్కొచ్చాను. అప్పటి నుంచి బిడ్డ దగ్గరికి పోవడమే తగ్గింది.

ఆ రోజుల్లోనే రేడియోలో పెద్దవాళ్లకు మరాఠీ అక్షరాలు నేర్పే పాఠం మొదలైంది. భవాని పేట్‌లో మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ కలిపి ఒకటే పుస్తకం. పక్కింటి వదినె రేడియో పెట్టేది. పాఠం చెప్పే ఆమెను బాయి అనేవాళ్లం. బాయి ఏదన్నా అడిగి కాసేపు ఆగేది. మేం జవాబు చెప్పేవాళ్లం. ఆమెకు వినబడదని తెలుసు. అయినా అడిగి ఆగిన మనిషికి బదులు చెప్పకుండా ఎట్లా ఉంటాం?

ఒక రోజు బాయి "ఆతా పాన్ ఉలటా" అంది. పాన్ అంటే ఆకు, మాకు తెలిసిన మరాఠీ అంతే. చేతిలో ఉన్నది తునికాకు. అందరం ఆకు తిరగేసి చుట్టాం. ఈనెలు పైకొచ్చాయి. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే ఆయన అన్నీ పక్కకు నెట్టేశాడు.

"ఏందమ్మా, అందరికీ ఒక్కసారే కండ్లు పోయినయా?"

"రేడియోల బాయి చెప్పింది, ఆకు తిరగెయ్యమని," అంది వదినె.

"బాయి బీడీలు సుట్టుడు గూడ నేర్పుతున్నదా? పాన్ అంటే బుక్కుల పేజీ గూడ."

దారి పొడుగునా నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. రోజంతటి పని పోయింది. ఇక నాకు పాఠం వద్దన్నాను.

"గట్లనకు వదినె. దినానికొకరు బుక్కు పట్టి పేజీ సూపియ్యాలె. ఆమె వంతు బీడీలు మిగిలినోళ్లు సుట్టాలె," అంది పక్కింటి వదినె. నన్నూ ఆమె వదినె అనే పిలిచేది.

"నా కండ్లతోని అయితదా?"

"నోటితోని అయితది. బాయి అడిగితే అందరికన్నా ముందు ఒర్లేది నువ్వే గద."

అట్లా నడిచింది. నా వంతు రోజు చేట పక్కన పెట్టి కూర్చుంటే చేతులు ఊరుకునేవి కావు. వానాకాలం రాకముందే పాఠాలు ఆగిపోయాయి. బాయి జంట అక్షరాల దాకా రానే లేదు.

తర్వాత బిడ్డకు జ్వరమని కబురొచ్చింది. బస్‌స్టాండులో రెండు బస్సులున్నాయి. రెంటికీ మొదట అ. మధ్యలో ఒకదానికి ఏదో అతుక్కున్న అక్షరం, బాయి చెప్పనిది. దాన్ని వదిలేసి చివరికి పోయాను. ఒకదానికి జ. ఇంకోదానికి ట.

"ట," అన్నాను, బాయి అడిగినట్టే. పక్కనున్న మనిషి తిరిగి చూశాడు.

ఎవరినీ అడగకుండా ఎక్కాను. ఎటు తీసుకుపోతుందోనని బస్సులో ఎప్పుడూ కన్ను మూయని దాన్ని, ఆ రోజు కూర్చోగానే నిద్రపోయాను.