బుడంకాయ ఆపమంది

మా తమ్ముడికి నేలమీద నడవడం కంటే గాల్లో కూర్చోవడమే బాగా వచ్చు. పదకొండేళ్ళుగా క్రేన్ నడుపుతున్నాడు. కడుతున్న భవనం పక్కన దానికంటే ఎత్తుగా నిలబడి ఉంటుందే, ఆ క్రేను. దాని నెత్తిన అగ్గిపెట్టెంత కనిపించే గాజు క్యాబిన్ వాడిది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఓసారి, సాయంత్రం ఇంటికి రావడానికి ఓసారి దిగుతాడు. కింద సిగ్నల్ మనిషి చేత్తో సైగ చేస్తాడు, పైన వీడు లీవరు కదుపుతాడు. వేలు పైకెత్తి గిరగిరా తిప్పితే ఎత్తాలి, కిందికి చూపించి తిప్పితే దించాలి. రెండు చేతులూ బార్లా చాచి అటూ ఇటూ ఊపితే ఉన్నదున్నట్టు ఆపెయ్యాలి. ఈ చివరి సైగకి వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. మిగతావి సిగ్నల్ మనిషి చేస్తేనే చెల్లుతాయి. ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆగాల్సిందే, చీపురు పట్టుకున్న మనిషి చెప్పినా సరే. ఎందుకని అడగడం ఆగిన తర్వాతే.

నేను వాడి అక్కని. వాళ్ళది మొదటి అంతస్తు, నాది దాని కిందిది. ప్యాంట్లు కురచ చేస్తాను, జిప్పులు మారుస్తాను, లావెక్కిన వాళ్ళ జాకెట్లు వదులు చేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. "మొగుడి మీద ఖర్చవ్వాల్సిన నోరంతా మా అక్క దగ్గర మిగిలిపోయింది" అంటాడు తమ్ముడు. అననీ. రెండు పూటలా భోజనం మాత్రం వాళ్ళింట్లోనే.

ఆ భోజనాల సంగతి చెప్పాలి. బల్ల చుట్టూ ఐదుగురం. తమ్ముడు ఫోన్లో లారీలూ యంత్రాలూ చూస్తుంటాడు. రోజంతా ఒక్కడే పైన కూర్చుని వచ్చాను, కాసేపు నా మానాన నన్ను వదిలెయ్యండి అంటాడు. మరదలు ఆసుపత్రి కౌంటర్లో పనిచేస్తుంది, ఆవిడ ఫోను ఎప్పుడూ టింగుమంటూనే ఉంటుంది. పదేళ్ళ పెద్దోడు టాబ్ మీద ఎవరెవరినో కాలుస్తుంటాడు. ఆరేళ్ళ బుడంకాయ వాడి భుజం మీదుగా తొంగిచూస్తుంటుంది. నేనా? నా సీరియల్ నేను చూసుకుంటాను. అబద్ధం ఎందుకాడాలి! "ఈ ఇంట్లో మనుషులతో మాట్లాడే దిక్కు లేదు" అని ఆ సీరియల్ చూస్తూనే తిట్టేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు బుడంకాయ పక్క చక్రాలు లేకుండా సైకిల్ తొక్కింది. మా సందు ఈ చివర నుంచి ఆ చివరకి, పడకుండా. మరదలు ఎగిరి గంతేసి, వీడియో తీసి, అక్కడికక్కడే తమ్ముడికి పంపింది. వాడు పైన క్యాబిన్‌లో ఉన్నాడు. క్యాబిన్‌లో ఫోను ముట్టుకోకూడదు, అది వాడికీ తెలుసు. కూతురు సైకిల్ తొక్కుతోందని చూడగానే వేలు దానంతటదే వెళ్ళిందట. సరిగ్గా అప్పుడే కింద మనిషి చేతులు చాచాడు. వీడు తల ఎత్తేసరికి రెండు క్షణాలు గడిచిపోయాయి. ఇనుప ఊచల కట్ట వెళ్ళి పరంజాకి రాసుకుంది. రెండు చెక్కలు ఊడి కింద పడ్డాయి.

కింద ఎవరూ లేరు. ఆ మాట ఇప్పటికీ రోజుకోసారి నాలో నేను అనుకుంటాను. ఎవరూ లేరు.

సూపర్‌వైజరు వాణ్ణి దింపి, ఫోను అడిగి, వీడియో చూసి, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదట. "మూడు వారాలు సైటుకి రావద్దు. తర్వాత సైగల పరీక్ష మళ్ళీ రాయి. నెగ్గితే ఎక్కు. లేకపోతే కిందే ఉండి ఊచలు మొయ్యి" అన్నాడట. తమ్ముడు ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏరా, కింద మనుషులుంటార్రా! బుద్ధుందా నీకు?" అన్నాను.

"లేదక్కా," అన్నాడు. అంతే. ఎదురు మాట్లాడితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అలా అనేసరికి వంగి వాడి బూట్లు నేనే విప్పాను.

"నేను పంపకపోతే పోయేది" అని మరదలు వంటింట్లో నిలబడి ఏడ్చింది. ఈ గొడవంతా తలుపు చాటునుంచి బుడంకాయ విన్నదని మాకు తెలియదు. మర్నాడు సైకిల్ తొక్కవేమే అంటే, "దానివల్లే నాన్నకి పని పోయింది" అంది. మేం ఎంత బతిమాలినా దాని మీద చెయ్యి వెయ్యలేదు. సైకిల్ మెట్ల కింద అలాగే ఉండిపోయింది. వాళ్ళ నాన్న ఆ పిల్ల సైకిల్ తొక్కడం ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు. ఆ వీడియోలో చూసిందే.

రెండురోజులు అలా గడిచాక పెద్దోడికే బుర్రలో ఏదో వెలిగింది. నా దగ్గర పాత హ్యాంగరు ఒకటి అడిగి తీసుకుని, వంచి కొక్కెం చేశాడు. దానికి తాడు కట్టి తండ్రి చేతిలో పెట్టాడు. "నాన్నా, నువ్వు పై వరండాలో నిలబడు. ఇదే క్రేను. కింద నేను సైగ చేస్తా."

తమ్ముడు ఊరికే నవ్వాడు. నవ్వాడా, అది చాలు నాకు. నేనే వాణ్ణి పైకి తోసి, నీళ్ళు నింపిన బకెట్ కింద పెట్టాను. నీళ్ళు ఒలికితే ఓడినట్టు. పెద్దోడు వేలు తిప్పుతాడు, బకెట్ పైకి లేస్తుంది. చేతులు చాస్తాడు, ఆగాలి. ఇదంతా పెద్దోడు టాబ్‌ని మెట్టు మీద నిలబెట్టి వీడియో తీసి, సాయంత్రం భోజనాల బల్ల మీద నెమ్మదిగా నడిపించి చూపించేవాడు. "ఇదిగో ఇక్కడ నేను చేతులు చాచా. నువ్వు ఇక్కడ ఆపావు. మధ్యలో ఇంత లేటు!" బల్ల చుట్టూ ఐదుగురం తలలు దగ్గర పెట్టుకుని ఒకే తెర చూడటం మా ఇంట్లో అదే మొదలు. మూడోరోజుకి మరదలూ పందాలు కాయడం మొదలుపెట్టింది. నా సీరియల్‌లో ఆ వారం ఎవరు ఎవర్ని మోసం చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

బుడంకాయకి ఎత్తడం, దించడం నచ్చలేదు. ఆపే సైగ ఒక్కటే నచ్చింది. "ఎవరు చేసినా ఆగాలా? నేను చేసినా?" అని పదిసార్లు అడిగింది. "నువ్వు చేసినా ఆగాలి" అన్నాడు తండ్రి. ఇంకేం, మా ప్రాణాలు తోడేసింది. పెద్దోడు ఆటలో మునిగి ఉంటే వెళ్ళి ఎదురుగా చేతులు చాస్తుంది. వాళ్ళమ్మ ఫోనుకి అతుక్కుపోతే చేతులు చాస్తుంది. మేమిద్దరం వదినామరదళ్ళం గొంతు పెంచితే మధ్యలో నిలబడి చాస్తుంది. ఒకరోజు మిషన్ మీద జిప్పు కుడుతున్నాను, సగం కుట్టులో ఉన్నాను, వచ్చి రెక్కలు ఊపింది. కాలు తీసేశాను. కుట్టు వంకర పోయింది.

"ఎందుకే?" అన్నాను పళ్ళు నూరుతూ.

"ఊరికే."

పంచాయితీ పెట్టాను. ఇలా అయితే ఎలా, ఈ పిల్ల చేతులు కట్టెయ్యండి అన్నాను. తమ్ముడు ఒప్పుకోలేదు. "ఆగిన తర్వాత ఎంతైనా తిట్టు అక్కా. ముందు ఆగు" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. ఆపమంటే అందరూ ఆగాలి, ఆపిన వాళ్ళు కారణం చెప్పాలి. కారణం లేకపోతే శిక్ష. అయస్కాంతం పట్టుకుని నా గది నేలమీద పడ్డ గుండుసూదులన్నీ ఏరాలి. ఆ వారం బుడంకాయ నా గదిని మూడుసార్లు శుభ్రం చేసింది. నిజం చెప్పొద్దూ, నాకు అది లాభంగానే ఉంది. తర్వాత మాత్రం కారణాలు చెప్పడం నేర్చుకుంది. "అన్నయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి." "అమ్మా, నేను ఇందాకట్నుంచి పిలుస్తున్నా." వింటే నిజమే అనిపించేది.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్ష పెట్టేది సైటులో కాదు, అందుకోసం విడిగా ఒక మైదానం ఉంది. అక్కడి క్రేన్ పొట్టిది, మూడంతస్తుల ఎత్తు ఉంటుందేమో. చుట్టూ ఇనుప వల కంచె, అవతల రోడ్డు. లోపలికి మమ్మల్ని రానివ్వరు, కంచె బయట నిలబడి చూస్తే ఎవరూ అడ్డం చెప్పరు. "చిన్నదాన్ని తీసుకురావద్దే" అని మరదలికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "నాన్నని చూడాలని పొద్దున్నుంచీ ఒకటే గోల, వదినా" అంది. సరే, తగలడండి అన్నాను.

పరీక్ష పెట్టే ఆవిడ పొట్టిగా, పసుపుపచ్చ టోపీ పెట్టుకుని, చేతిలో అట్టకి గుచ్చిన కాగితాలతో ఉంది. ముఖంలో నవ్వన్నది లేదు. తమ్ముడి కంటే ముందు ఒకతను ఎక్కి, దిగి, తల వంచుకుని మా పక్కనుంచే వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళు గాల్లో కూర్చున్నవాడు నేలమీద ఊచలు మోస్తూ, తన సీట్లో ఇంకొకడు కూర్చుని ఉంటే తలెత్తి చూడగలడా? మొయ్యలేక కాదు. చూడలేడు.

తమ్ముడు ఎక్కాడు. కింద సిగ్నల్ మనిషి వేలు తిప్పాడు. నీళ్ళు నింపిన పీపా ఒకటి నేల వదిలి లేచింది. మెల్లగా, చుక్క ఒలకకుండా. పెద్దోడు కంచె పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. మరదలు కళ్ళు మూసుకుంది. పీపా సగం దూరం వెళ్ళింది. ఇంకాస్త వెళ్తే నేలమీద ముగ్గుతో గీసిన గడిలో దించెయ్యాలి, పరీక్ష అయిపోతుంది.

చటుక్కున పీపా ఆగింది. గాల్లో, ఉన్నచోటే.

సిగ్నల్ మనిషి ఆపమనలేదు. వేలు తిప్పుతూనే ఉన్నాడు. ఆయనా తెల్లబోయి పైకి చూస్తున్నాడు. ఏమైందిరా నాయనా అని ఇటు తిరిగి చూద్దును కదా, బుడంకాయ కంచెకి దూరంగా, రోడ్డు పక్క దిమ్మె ఎక్కి నిలబడి, రెండు చేతులూ బార్లా చాచి ఊపుతోంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఓసి నీ దుంపతెగ, దిగవే!" అని గబుక్కున కిందికి లాగాను. మరదలు కళ్ళు తెరిచి, చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దోడు "అయిపోయింది, అంతా అయిపోయింది" అన్నాడు. పరీక్ష పెట్టే ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని, తిన్నగా మా వైపే నడిచి వచ్చింది. ఆ నడకెంత దూరమో! దండం పెట్టాలా, కాళ్ళ మీద పడాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

"ఆపమన్నది ఎవరు?" అంది.

"చిన్నపిల్లండీ, తెలియక..." అని నేను మొదలుపెట్టాను. ఆవిడ నా వైపు చూడలేదు. కంచె దగ్గర మోకాళ్ళ మీద వంగింది.

"నువ్వేనా? ఎందుకు ఆపావు పాపా? ఏమైనా పడిపోతున్నట్టు కనిపించిందా?"

బుడంకాయ కళ్ళనిండా నీళ్ళు. "నాన్న నన్ను చూడలేదు" అంది. "నేను వచ్చానని తెలీదు."

ఆవిడ లేచి, చేతిలో రేడియో నోటి దగ్గర పెట్టుకుంది. "పైన ఉన్నాయనా, ఎందుకు ఆపారు?"

గరగరమంటూ మా తమ్ముడి గొంతు వినిపించింది. "రోడ్డు మీంచి ఎవరో ఆపమన్నారండీ."

"ఎవరో తెలుసా?"

"ఆగాక చూశాను. మా అమ్మాయి."

"తెలిశాక కూడా దించలేదేం?"

"మీరు అడిగిందాకా కదపకూడదు కదండీ. ఏం చూసి ఆపమందో నాకు తెలీదు."

ఆవిడ రేడియో దించి కాగితం మీద ఇంకేదో రాసింది. తర్వాత మాతో అంది, "ఈ పీపా గడి దగ్గరికి రాగానే మా వాచ్‌మన్ గేటు దగ్గర్నుంచి చేతులు చాస్తాడు. అదే అసలు పరీక్ష. పొద్దుట్నుంచి ముగ్గురు ఎక్కారు. ఇద్దరికి వాచ్‌మన్ కనపడలేదు, ఒకాయన వాచ్‌మనే కదా అని ఆగలేదు. ఈ పిల్ల మా వాచ్‌మన్ కంటే ముందే చేసేసింది." అప్పుడు నవ్విందమ్మా ఆ మహాతల్లి! "ఇక దింపమంటాను. నెగ్గాడు. పాపని మాత్రం ఇంకోసారి తీసుకురాకండి."

హమ్మయ్య! ఆ దిమ్మె మీదే కూలబడ్డాను. మరదలు నన్ను పట్టుకుని ఏడుపూ నవ్వూ కలిపి ఏదో చేసింది. పెద్దోడు బుడంకాయని ఎత్తుకోబోయి, బరువాగక ఇద్దరూ గడ్డిలో పడ్డారు.

సాయంత్రం ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. రూలంటే రూలే. "కారణం లేకుండా ఆపింది. అయస్కాంతం తీసుకో, పద" అన్నాను. బుడంకాయ మూతి ముడుచుకుని లేచింది.

తమ్ముడు దాని చేతిలో అయస్కాంతం తీసుకున్నాడు. "కారణం ఉందక్కా" అన్నాడు. "నేను దాన్ని చూడలేదు. చాలా రోజులైంది." నా గదిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, మిషన్ కింద సూదులు వాడే ఏరాడు.

ఏరడం అయ్యేసరికి బయట సైకిల్ గంట మోగింది. మెట్ల కింద నుంచి బుడంకాయే లాక్కొచ్చుకుంది, మేమెవ్వరం చెప్పలేదు. దుమ్ము తుడిచి, సందు మొదట్లో పెట్టుకుని నిలబడింది. అందరం బయటికొచ్చాం. పెద్దోడు టాబ్‌ని గోడకి ఆనించి, దాని మానాన దాన్ని తియ్యనిచ్చి, వచ్చి మా పక్కన నిలబడ్డాడు. బుడంకాయ ఒక కాలు పెడలు మీద వేసి ఆగింది.

"చూస్తున్నావా నాన్నా?"

"చూస్తున్నానమ్మా. తొక్కు."